ఎగువ నీటి కబురు

జిన్నారం మండలంలో చెరువులు అలుగు పారితే ఆ నీళ్లు నక్కవాగులో పడతాయి. వాగు మంజీరాలో కలుస్తుంది. నిజాంసాగర్ దాటిన మంజీరా కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది. గోదావరి గౌతమి పాయ మీదుగా కాకినాడ పక్కన కోరంగి మడ అడవిలోకి వస్తుంది. ఆ చివరన కాపురముండే నీటికుక్క తన కథను ఈ పైనున్న చుట్టరికంతోనే మొదలుపెడుతుంది.

తనది నున్నబొచ్చు జాతి. బరువు ఏడు నుంచి పదకొండు కిలోలు. సీల్ జంతువుకున్నట్టు చర్మం కింద దళసరి కొవ్వు లేదు, చలి ఆపాల్సింది ఆ పొట్టి, దట్టమైన బొచ్చే. పాపం, వేటగాళ్ల కళ్లూ దాని మీదే. అమ్మ కడుపులో అరవై రోజుల పైచిలుకు ఉంది. పుట్టాక నెలకు కళ్లు తెరిచింది, రెండు నెలలకు ఈత పట్టుబడింది. నీటిజంతువు ఈత నేర్చుకోవాల్సి రావడమేమిటని నవ్వితే దానికి కోపం.

వేట మాత్రం గుంపు పనే. కుటుంబమంతా ఎగిరే బాతుల బారులా రెండు పాయలుగా విడిపోయి చేపల్ని ముందుకు తోలుతుంది. బురద నీళ్లలో కన్ను పనిచేయకపోతే మీసాలు పనిచేస్తాయి, చేప కదిలితే కలిగే అలజడిని అవి పట్టేస్తాయి. గుంపంతా ఒడ్డున ఒకేచోట విసర్జిస్తుంది. పొలుసులు, ముళ్లు నిండిన ఆ గుర్తులు చూసే సర్వేకొచ్చినవాళ్లు దాని ఆచూకీ తెలుసుకుంటారు.

మరి జిన్నారం వైపు? ఆ పక్కనే పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ మందు కోరంగి దాకా వస్తోందని నీటికుక్క అనదు. చేప బతకని వాగులో తన జాతిని వెళ్లగొట్టడానికి ఉచ్చు అక్కర్లేదని మాత్రం అంటుంది.

కాగితం మీద దానికి రక్షణ ఉంది: 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేరింది. ఒడ్డున మాత్రం వల కొరికిందన్న తగువు తప్పదు. బంగ్లాదేశ్‌లోని నరైల్ జాలరులు ఈ జాతినే పెంచి, పగ్గం కట్టి, చేపల్ని వలలోకి తోలిస్తారు. కూలి చేపల్లోనే. కోరంగి నీటికుక్కకు ఆ కొలువు నచ్చలేదు. పగ్గం పొడవు చాలదట.