రబ్బరు బ్యాండు మంత్రం

డాలస్ దగ్గర ఉంటున్న మా తోడల్లుడికి ఒక కోల్ట్ పిస్తోలు ఉంది. ఇంతవరకు ఏ దొంగా దాని మొహం చూడలేదు. దాని వెనక సైటు మాత్రం ఈ వేసవిలో ఏడుగురు ఇంజనీర్లను చూసింది.

సైటు అంటే గురి చూసుకునే చిన్న ఉక్కు దిమ్మ. చీకట్లో మెరవడానికి అందులో ట్రిటియం నింపిన గాజు గొట్టాలుంటాయి. ట్రిటియం 12.3 ఏళ్లకు సగమైపోతుంది, దాని వెలుగూ అంతే. మసకబారింది కదా, కొత్తది వేద్దామని మావాడు కూర్చున్నాడు. మ్యాగజైన్ తీశాడు, ఛాంబరు ఖాళీయేనని రెండుసార్లు చూసుకున్నాడు. అతని జాగ్రత్త అక్కడితో సరి.

దిమ్మ స్లైడు మీది గాడిలో బిగుసుకుని కూర్చుంటుంది. అది జరగకుండా పైనుంచి ఒక సెట్ స్క్రూ. మన లేత్ షాపుల్లో గ్రబ్ స్క్రూ అంటారే, అదే. బియ్యపు గింజంత ఉంటుంది. తలకాయ ఉండదు, నెత్తిన ఆరు పలకల గుంట ఉంటుంది. ఈ గుంట 1/16 అంగుళం, అంటే 1.5875 మిల్లీమీటర్లు. మావాడి చేతిలో ఉన్నది 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ. "దూరింది కదా, ఇంకేం!" అన్నాడు. దూరడానికీ పట్టడానికీ మధ్య తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు. ఆ సందులోనే ఆరు మూలలూ అరిగి నున్నగా గుండ్రమైపోయాయి.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. హైదరాబాదు నుంచి బావమరిది, న్యూజెర్సీ నుంచి పాత రూమ్మేటు, పక్కింటి తెల్లాయన, అందరిదీ ఒకటే మంత్రం: "రబ్బరు బ్యాండు పెట్టి తిప్పావా?" తలుపు బందుకున్న పెద్ద స్క్రూ విషయంలో ఈ చిట్కా ఎప్పుడైనా ఫలిస్తుందేమో. కీ దూరితేనే చోటు మిగలని గుంటలో రబ్బరు ఎక్కడ కూర్చోవాలి? అయినా మావాడు కొత్తిమీర కట్టకున్న ఎర్ర బ్యాండు కత్తిరించి, కీ మొనతో కుక్కి తిప్పాడు. అది తునాతునకలైంది. స్క్రూ కదల్లేదు సరికదా, ఆ సాయంత్రమంతా పిన్నీసుతో గుంటలోంచి రబ్బరు తవ్వడమే సరిపోయింది. రెండో రోజు సూపర్ గ్లూతో కీని గుంటలో అతికించాడు. కీ శుభ్రంగా ఊడివచ్చింది.

ఇది ఊడదని ముందే తెలియాల్సింది మావాడికే. ఎనిమిదేళ్ల కిందట ఆ స్క్రూకు ఎర్ర లాక్‌టైట్, అంటే మరలు సడలకుండా పట్టి ఉంచే జిగురు, దట్టంగా పట్టించింది తనే. నీలం రంగుదైతే చేతి పనిముట్లకు లొంగుతుంది. ఎర్రది లొంగాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి. దిమ్మ ఎలాగూ గాడిలో బిగిసే ఉంది, స్క్రూ ఉన్నది దానికి బీమాగా. బీమాకు మళ్లీ బీమా చేయించాడన్నమాట! "స్టవ్ మీద పెట్టి కాల్చు బావా" అన్నాడు బావమరిది, గాజు గొట్టాల సంగతి అడక్కుండానే.

ఈ చిక్కుముడి మొత్తం ఒకే ఊరి సరుకు కావడం ఇంకో తమాషా. కోల్ట్ పిస్తోళ్ల పాత కార్ఖానా కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లోదే. తలకాయ ఉన్న సెట్ స్క్రూలు తిరిగే షాఫ్టుల మీద కార్మికుల చొక్కా చేతులు పట్టి లాగేస్తుంటే, 1910లో తల లేని అలెన్ స్క్రూ వచ్చిందీ ఆ ఊరి నుంచే. 1953లో లాక్‌టైట్ పుట్టించిన క్రీబుల్ కూడా అక్కడి ట్రినిటీ కాలేజీలో రసాయనశాస్త్ర ప్రొఫెసరే. మనుషుల చేతులు కాపాడిన స్క్రూ మావాడి చేతికి చిక్కి గుండు చేయించుకుంది.

"గన్‌స్మిత్ దగ్గరికి వెళ్దాం అన్నయ్యా" అని మొదటి రోజే అన్నాను. ఏడుగురు ఇంజనీర్లున్న బలగానికి అంతకన్నా అవమానం లేదు. తొమ్మిదో రోజున వెళ్లాం. అక్కడి ముసలాయన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ మీద మాత్రమే ఆనించి కాసేపు ఉంచాడు. డ్రిల్లుకు ఎడమ మర బిట్టు తగిలించి వెనక్కి తిప్పాడు. బిట్టు కొరికి పట్టింది, స్క్రూ తనంతట తనే తిరుగుతూ పైకొచ్చింది. పది నిమిషాల పని.

భూతద్దం కింద స్క్రూను చూస్తూ "ఏ రంగు?" అని అడిగాడు.

మావాడు తల దించుకుని "ఎరుపు" అన్నాడు.

"లాక్‌టైట్ రంగు నాకు తెలుసులే. రబ్బరు బ్యాండుది అడుగుతున్నా."