మా సోఫాకి భోగి ఎప్పుడండీ?

మహారాజశ్రీ మా కౌన్సిల్ చెత్త విభాగం వారి దివ్యసముఖమునకు, ఇంగ్లండులో అద్దెకుంటున్న ఒక తెలుగువాడి విన్నపములు.

అయ్యా,

మా మూడు సీట్ల సోఫా నడుం విరిగింది. తీసుకుపొమ్మని మీకు డబ్బు కట్టి, మూడు వారాల తర్వాతి తేదీ సంపాదించాను. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఈ లెక్క మింగుడుపడలేదు. "పాత సామానేస్తే బండివాడే ఉల్లిపాయలిస్తాడు కదరా, ఎదురు మనం ఇచ్చుకోవడమేంటి?" అంది.

ఎందుకా అని 2012 నాటి చెత్త నిబంధనలు తిరగేశాను. 25 కిలోలు దాటినదానికీ, చెత్తడబ్బాలో పట్టనిదానికీ మీరు డబ్బులడగొచ్చట. డబ్బా ఇవ్వని ఇళ్లకయితే 750 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న గుండ్రటి పాత్ర కొలమానం. అంటే ఇంచుమించు మా ఊరి కుడితి గాబు. సోఫా అందులో ఎలాగూ దూరదు, ఒప్పుకున్నాను.

పొద్దున ఆరింటికల్లా ప్రహరీ లోపల పెట్టమన్నారు, పెట్టాను. వాన కురిసింది. "తడిసింది, తీసుకోలేం" అని చీటీ అంటించి పోయారు. రెండోసారి టార్పాలిన్ కప్పాను. "ఏముందో కనబడలేదు" అని ఇంకో చీటీ! ఈ దేశంలో వాన పడదని నేనెక్కడ హామీ తేను?

ముక్కలు చేసి డబ్బాలో వేద్దామంటే అదీ కుదరదు. సోఫాలు నిప్పంటుకోకూడదని 1988లో చట్టం వచ్చాక, గుడ్డకీ స్పాంజికీ మందులు పట్టించారు. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి చావని విషాలని తేలింది. అందుకని 2023 నుంచి ఇలాంటివి పూడ్చకూడదు, మిగతా చెత్తలో కలపకూడదు, విడిగా తీసుకెళ్లి పెద్ద కొలిమిలో కాల్చాలి. మంట అంటకూడదని పూసిన మందే దాన్ని మంటల్లోకి తోస్తోందన్నమాట. "భోగి మంటలో వేసెయ్యరా" అని అమ్మ ముందే చెప్పింది. పెరట్లో వేస్తే ఆ పొగ మా పిల్లలే పీల్చాలి.

నిన్న ఒక వ్యానువాడు సగం ధరకే పట్టుకుపోతానన్నాడు. చెత్త మోసే లైసెన్సు చూపించమంటే బండి స్టార్ట్ చేశాడు. వాడు ఏ సందులోనో పడేసిపోతే 600 పౌండ్ల దాకా జరిమానా నా నెత్తిన పడేది.

మీరు తాజాగా ఇచ్చిన తేదీ సరిగ్గా భోగి. తలంట్లు పోసుకుని ఆరింటికల్లా సోఫాని బయట పెడతాం. దాని చేతికి భోగిపిడకల దండ వేలాడుతుంటుంది. దాన్ని రెండో వస్తువుగా లెక్కగట్టవద్దని మనవి.

ఇట్లు,
విరిగిన సోఫా యజమాని