నాకొక్కడికే తెలిసిన పాట

(ఈ మధ్య ఎవరింటికెళ్లినా కాఫీకన్నా ముందు ఒక బ్యాండు పేరు చేతికిస్తున్నారు. "మీరు విని ఉండరు" అని మొదలుపెట్టి, వినిపించకుండానే ముగించడం ఇందులో మర్యాద. ఈ రచయిత చిరాకునంతా బాబాయికి అప్పగించడమైనది. బాబాయి బెజవాడ గవర్నరుపేటలో ఇరవై ఏళ్లు కేసెట్ల కొట్టు నడిపి, సీడీలొచ్చాక షట్టరు దించేసినవాడు. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. మెడలో హెడ్‌ఫోన్సు స్నానానికి తప్ప దిగవు.)

అబ్బాయి: బాబాయ్, నువ్వు పాటల మనిషివి కాబట్టి చెబుతున్నా. ఒక ఇండీ సింగర్ ఉంది. ఎవరికీ తెలియదు.

బాబాయి: పేరేమిట్రా?

అబ్బాయి: పేరెందుకు, ముందు సంగతి విను. నెలకి వినేది రెండొందల పన్నెండుమంది.

బాబాయి: అయ్యో పాపం.

అబ్బాయి: పాపమేంటి! పోయిన నెల నూట తొంభయ్యే.

బాబాయి: అంటే పెరుగుతున్నారన్నమాట. సంతోషం.

అబ్బాయి: సంతోషమా? నా బెంగంతా అదే. ఐదొందలు దాటితే మానేద్దామనుకుంటున్నా. వెయ్యి దాటితే ఇక మాసే.

బాబాయి: ఇంతకీ ఇండీ అంటే? హిందీలో హకారం జారిపోయిందా?

అబ్బాయి: ఇండిపెండెంట్ బాబాయ్. పెద్ద కంపెనీల చేతిలో పడకుండా సొంతంగా రికార్డు వేసుకోవడం. ఇంగ్లండులో 1980లోనే వీళ్లకి విడిగా చార్టు పెట్టారు.

బాబాయి: ఆ చార్టెక్కడానికి పరీక్షేమిటి? గిటారు ఏడుస్తూ వాయించాలా?

అబ్బాయి: అదీ... పెద్ద కంపెనీల డిస్ట్రిబ్యూషన్ లేకుండా రికార్డు కొట్లకు చేరాలి.

బాబాయి: ఓహో. పాట ఎలాంటిదో అక్కర్లేదు, లారీ ఎవడిదో చూస్తారు. అందుకేనా 1988లో కైలీ మినోగ్ కూడా ఆ చార్టులో పైకెక్కింది? ఆవిడ కేసెట్టు నా కొట్లో డిస్కో అరలో పెట్టేవాణ్ణి. ఇన్నాళ్లూ తప్పు సర్దానన్నమాట.

అబ్బాయి: (చెవులు మూసుకుని) ఆ పేరెత్తకు. అసలు సిసలైనవాళ్లని చెబుతా, బిగ్ స్టార్. మెంఫిస్ వాళ్లు. 1972లో మొదటి ఆల్బం. సమీక్షలు రాసినవాళ్లంతా ఆకాశానికెత్తేశారు. కొన్నవాడు మాత్రం లేడు.

బాబాయి: ఆల్బం పేరేమిటి?

అబ్బాయి: నంబర్ వన్ రికార్డ్.

బాబాయి: వినయవంతులే.

అబ్బాయి: బ్యాండు పేరు వాళ్లు రికార్డింగ్ మధ్యలో చిరుతిళ్లు కొనుక్కునే సూపర్ మార్కెట్టుది. అదీ వాళ్ల నిరాడంబరత!

బాబాయి: పోనీ ఆ మార్కెట్టులోనన్నా పెట్టారా రికార్డు, పప్పూ బెల్లాల పక్కన?

అబ్బాయి: జనానికి మంచి పాట అర్థం కాదు బాబాయ్. అందుకే...

బాబాయి: ఆగరా. కొట్లో కూర్చుని కవర్ల వెనక రాసింది చదవడం తప్ప నాకు వేరే పనేముంది? ఆ రికార్డు పంచాల్సింది స్టాక్స్ కంపెనీ. వాళ్లు కొట్లకు సరిగ్గా చేర్చలేకపోయారు. పాట నచ్చి కొట్టుకెళ్లినవాడికి అక్కడ సరుకు లేదు. ఇందులో జనానికి అర్థం కాకపోవడం ఎక్కడుంది? నువ్వు దీన్ని విషాదకావ్యం అంటున్నావు. మా భాషలో 'స్టాకు లేదు' అంటాం. దసరాకు మద్రాసు పార్సిలు రాకపోతే ఆ వారమంతా నేనూ ఇండీనే.

అబ్బాయి: కానీ వాళ్ల సింగర్ అలెక్స్ చిల్టన్ గొంతు...

బాబాయి: ఆ గొంతు అంతకు ఐదేళ్ల ముందే, పదహారేళ్ల వయసులో, బాక్స్ టాప్స్ అనే బ్యాండుతో పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి ఎవరికీ తెలియదంటావేం?

అబ్బాయి: సరే, రోడ్రిగెజ్. డెట్రాయిట్. 1970లో కోల్డ్ ఫ్యాక్ట్ అని ఆల్బం వేశాడు. అసలు ఎవరికీ తెలియదు.

బాబాయి: ఎవరికీ?

అబ్బాయి: దక్షిణాఫ్రికాలో తప్ప.

బాబాయి: అక్కడెంతమందికి?

అబ్బాయి: అక్కడ... దాదాపు ఇంటింటికీ.

బాబాయి: ఇంకెక్కడా లేదుగా?

అబ్బాయి: ఆస్ట్రేలియాలో కూడా కొంచెం. 1979లో వెళ్లి పాడొచ్చాడు.

బాబాయి: మరి తెలియంది ఎవరికిరా?

అబ్బాయి: ఆయనకి! దక్షిణాఫ్రికాలో తనకంత పేరుందని ఆయనకే తెలియదు. డెట్రాయిట్‌లో పాత ఇళ్లు కూలగొట్టే పనికెళ్లేవాడు. అక్కడేమో ఈయన ఎప్పుడో చచ్చిపోయాడనుకుని పాటలు వింటున్నారు. 1998లో వెళ్లి స్టేజీ ఎక్కితే వేలమంది.

బాబాయి: భలే. వినేవాళ్లందరికీ తెలుసు, పాడినవాడికి తెలియదు. మధ్యలో లెక్కలు రాసేవాడికి మాత్రం ఎప్పుడూ తెలుసుంటుందిలే. ఇప్పటికీ వింటున్నావా ఆయన్ని?

అబ్బాయి: లేదు బాబాయ్. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కారొచ్చింది. ఆ రోజే వదిలేశా. నిక్ డ్రేక్‌ని కూడా అలాగే పోగొట్టుకున్నా. బతికుండగా మూడే మూడు ఆల్బంలు, ఎవరూ కొనలేదు. 1974లో, ఇరవయ్యారేళ్లకే పోయాడు. ఎంత స్వచ్ఛంగా ఉండేది! పాతికేళ్ల తర్వాత ఒక కార్ల కంపెనీ ప్రకటనలో పాట వాడి మొత్తం పాడుచేసింది.

బాబాయి: పాడుచేయడమంటే?

అబ్బాయి: జనం కొనడం మొదలుపెట్టారు.

బాబాయి: అఘోరించావులే. నువ్వు వాళ్ల పాటకు అభిమానివా, వాళ్ల నష్టానికా? పెళ్లికి పిలిస్తే రాడు గానీ దినానికి మాత్రం ముందు వరసలో కూర్చునే చుట్టం ఒకడుంటాడు ప్రతి ఇంట్లో, అలా ఉంది నీ వ్యవహారం.

అబ్బాయి: నేను మంచి సంగీతం నలుగురికీ పంచుతున్నా బాబాయ్! ప్లేలిస్టు పెట్టా. మూడొందల నలభై పాటలు.

బాబాయి: (కుర్చీలో సర్దుకుని) మూడొందల నలభై పాటలిచ్చి వినమనడం పంచడం కాదురా, గోడౌను తాళాలిచ్చి పోవడం. నేను చెబుతా విను. జనం చీటీ రాసుకొచ్చేవాళ్లు. సిక్స్టీ కేసెట్టు, పక్కకి ముప్ఫై నిమిషాలు. సినిమా పాటలు ఆరు ఎక్కేసరికి చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. దాన్ని ఖాళీగా వదిలేస్తే బరబరమని మోత. అక్కడ నాకిష్టమైన పాట ఒకటి ఎక్కించేవాణ్ణి. పాత డెబ్భై ఎనిమిది స్పీడు ప్లేటు పాట మూడు నిమిషాలే కదా, కొలిచి కుట్టినట్టు సరిపోయేది. ఎమ్మెస్ రామారావు, రావు బాలసరస్వతి పాడిన ప్రైవేటు పాటలు. సినిమా కోసం పాడనివాటిని మేమలాగే పిలిచేవాళ్లం. మీ ఇండీ అప్పుడు మాకు ప్రైవేటు.

అబ్బాయి: చిరంజీవి డాన్సు పాటలు అడిగినవాడికి కూడానా?

బాబాయి: వాడికి తప్పకుండా. అట్ట మీద పేరు రాసేవాణ్ణి కాదు. 'మీరు విని ఉండరు' అని ఉపన్యాసమూ లేదు. కొందరు తిట్టడానికొచ్చారు, డబ్బులు తగ్గించమని. ఎప్పుడో ఒకడు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, 'ఏ సైడు చివర ఏదో ఉందండీ, అదెవరిది' అని నసిగేవాడు. సిఫారసంటే అదీ! ఒక్క పాట, సరైన చోట, నోరు మూసుకుని...

అబ్బాయి: బాబాయ్, ప్రవచనంలోకి దిగావు.

బాబాయి: (గతుక్కుమని) దిగానా? సరే, నువ్వే కానీయ్.

అబ్బాయి: చివరిగా ఒక్క బ్యాండు. గో-బిట్వీన్స్. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ ఊరు. ఎనభైల్లో అంత చక్కటి పాటలు రాసినవాళ్లు లేరు. హిట్టు మాత్రం ఒక్కటీ సరిగ్గా తగల్లేదు. ఊరు సిగ్గుపడి చివరికి వంతెనకి వాళ్ల పేరు పెట్టింది. 2010లో తెరిచారు, గో బిట్వీన్ బ్రిడ్జి.

బాబాయి: వంతెనకా! ఊరికే దాటొచ్చా?

అబ్బాయి: లేదు, టోలు కట్టాలి.

బాబాయి: అబ్బ! రికార్డు కొననివాళ్లందరి దగ్గరా ఇప్పుడు రోజూ వసూలు చేస్తున్నారన్నమాట. నాకు నచ్చింది. మన దగ్గర ఘంటసాల గారికి సంగీత కళాశాల ఇచ్చారు గానీ టోలుగేటు ఎవరికిచ్చారు? కనకదుర్గ వారధికి ఎమ్మెస్ రామారావు గారి పేరు పెట్టి, చీటీ వెనక పాట పేరు అచ్చేసి... పాట చెప్పగలిగినవాడికి సగం ధర. గుంటూరు బస్సు కండక్టర్లందరికీ ప్రైవేటు పాటలు నోటికొచ్చేసేవి. ఒరేయ్, ఆ టోలు డబ్బు బ్యాండుకి వెళుతుందా?

అబ్బాయి: వెళ్లదు.

బాబాయి: అయితే వాళ్లింకా ఇండీనే, నువ్వు నిశ్చింతగా వినొచ్చు. అవునుగానీ, గంట నించి చెబుతున్నావు, ఆ రెండొందల పన్నెండుమంది పిల్ల పాట వినిపించవేం?

అబ్బాయి: నీకు వినిపిస్తే ఆ లెక్క రెండొందల పదమూడవుతుంది.

బాబాయి: కానీయరా. ఏడాదిలో వెయ్యిసార్లు మోగని పాటకి స్పాటిఫై 2024 నించి పైసా ఇవ్వడం లేదటగా. మీ పిన్నీ నేనూ రోజుకి రెండుసార్లు పెట్టుకున్నా...

అబ్బాయి: వద్దు బాబాయ్! వెయ్యి దాటితే కంప్యూటరే దాన్ని అందరికీ చూపించడం మొదలుపెడుతుందేమో. తొమ్మిదొందల తొంభై దగ్గర ఆగాలి.

బాబాయి: ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టి మరీ అభిమానిస్తావా?

(వంటింట్లోంచి పిన్ని, చేతిలో ఫోను.)

పిన్ని: ఒరేయ్, రాత్రి నువ్వు నాకు పొరపాటున ఒక పాట పంపావుగా, గిటారు అమ్మాయిది. చక్కగా ఉందిరా, జోలపాటలా. పొద్దున మా గుడి గ్రూపులో పెట్టా.

అబ్బాయి: (నీరసంగా) ఎంతమంది ఉంటారు పిన్నీ?

పిన్ని: మా గ్రూపులో రెండొందల ముప్ఫై. వాళ్లు మళ్లీ గుంటూరు భజన మండలికి పంపారట. అర్థం తెలియక ఎవరూ వినరేమోనని కింద నేనే ఒక ముక్క రాశా.

అబ్బాయి: ఏం రాశావు?

పిన్ని: 'లలితా సహస్రనామం అయ్యాక వినదగినది' అని.