49 రోజుల విపత్తు

తుపాను వస్తుందంటే దానికో పేరు పెడతారు, రేవుల్లో హెచ్చరిక జెండా ఎగరేస్తారు, తీరం దాటగానే ఊపిరి పీల్చుకుంటారు. వేసవి సెలవులకు ఆ మర్యాదలేవీ లేవు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే అక్షరాలా 49 రోజులు, పిల్లలు పగటిపూట కూడా సొంత ఇళ్ళలోనే సంచరించారు. ఏటా ఇంచుమించు ఇవే తేదీలు. ఇంత ముందుగా తెలిసిన విపత్తు మరొకటి లేకపోయినా ప్రభుత్వాలు పునరావాస కేంద్రాలు తెరవలేదు. దాంతో ఆ భారం ప్రైవేటు రంగం తలకెత్తుకుంది. దానికి సమ్మర్ క్యాంపు అని పేరు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన మర్నాటి నుంచే పేపరు మడతల్లోంచి కరపత్రాలు జారిపడతాయి. అబాకస్, ఫోనిక్స్, రోబోటిక్స్, కోడింగ్, చేతిరాత, కరాటే, స్కేటింగ్, కీబోర్డు, పబ్లిక్ స్పీకింగ్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్. ఆరేళ్ళవాడికి పర్సనాలిటీ ఇంకా రాలేదేమోనని తల్లిదండ్రులకు అంతకుముందు అనుమానమే ఉండదు. కరపత్రం చదివాక నిద్ర పట్టదు. మా పక్కింటాయన ఒక సెంటర్‌కి వెళ్ళి, వేదిక్ మ్యాథ్స్ ఎన్నేళ్ళ నాటిదమ్మా అని అడిగాడు. కౌంటర్‌లో అమ్మాయి తడుముకోకుండా ‘ఐదు వేలండీ’ అంది. ఆ పేరుతో పుస్తకం అచ్చయింది 1965లో. అయితే ఫీజు కూడా ఐదు వేలే కాబట్టి, ఆ అమ్మాయి చెప్పింది ఫీజేనేమో.

మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఎనిమిదేళ్ళ కుర్రాడున్నాడు. బడి రోజుల్లో ఆరున్నరకి లేచేవాడు. సెలవులు ఇచ్చారు కనుక ఐదింటికి లేస్తున్నాడు. ఎండ ముదరకముందే స్కేటింగ్ అవ్వాలి కదా. అక్కణ్ణుంచి అబాకస్, అబాకస్ నుంచి కీబోర్డు. మధ్యలో ఇడ్లీ కారు వెనకసీట్లో, సీటు బెల్టుతో సహా. సాయంత్రం చెస్. మొన్న లిఫ్ట్‌లో కనిపిస్తే ‘ఏరా, సెలవులు ఎలా ఉన్నాయి?’ అన్నాను. ‘ఎప్పుడు తాతయ్యా?’ అన్నాడు. వాళ్ళమ్మ అందుకుంది: ‘ఖాళీగా ఉంటే ఫోన్ పట్టుకుంటాడండీ, అందుకే బిజీగా ఉంచుతున్నాం.’ ఈ మాట చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు ఫోన్ మీదే ఉంది. పాపం, ఆవిడనేం అనగలం, తర్వాతి క్లాసుకి లొకేషన్ వెతుకుతోంది.

శరీరానికి వ్యాయామం ఉండాలన్నది కాదనలేని మాట. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు కాస్త చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనవాళ్ళు దాన్ని శ్రద్ధగా అమలు చేస్తున్నారు. కరాటే క్లాసు సరిగ్గా గంట. అందులో వరసలో నిలబెట్టడానికి పావుగంట, బెల్టు ముడి సరిచెయ్యడానికి పది నిమిషాలు, వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫొటోలకి ఇంకో పది, ఫొటోలో కళ్ళు మూసినవాళ్ళ కోసం మళ్ళీ ఐదు. మిగిలినదాంట్లో కాళ్ళూ చేతులూ గాల్లోకి విసరడం ఉంటుంది. పదిహేను రోజుల్లో బెల్టు రంగు మారుతుంది. రంగు మారితే ఫీజు మారుతుంది. చెమట విషయానికొస్తే, మే నెల రేకుల షెడ్డులో ఊరికే నిలబడ్డా పడుతుంది కాబట్టి ప్రమాణాలకు లోటు రాదు.

మరి ఆ 60 నిమిషాలూ మన ఆవరణలోనే ఆడొచ్చుగా అని అడిగే అమాయకులు ఉంటారు. వాళ్ళకి మా అసోసియేషన్ నోటీసు చూపించాలి. సెల్లార్‌లో బంతి ఆడరాదు, కార్లకు తగులుతుంది. కారిడార్‌లో పరుగెత్తరాదు, పెద్దవాళ్ళకి తగులుతుంది. టెర్రస్ మీదికి వెళ్ళరాదు, అక్కడ సోలార్ పలకలు. లిఫ్ట్‌లో పైకీ కిందకీ తిరగరాదు, కరెంటు బిల్లు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా శబ్దం చేయరాదు, కమిటీ పెద్దల విశ్రాంతి సమయం. మిగతా చోట్ల ఆడుకోవచ్చు. ఆ మిగతా చోట్లు ఎక్కడున్నాయో కమిటీ ఇంకా గుర్తించలేదు. ఫ్లాట్ అమ్మేటప్పుడు ఇచ్చిన రంగుల పుస్తకంలో మాత్రం పిల్లల ఆటస్థలం ఉంది. పచ్చగడ్డి, జారుడుబండ, ఎందుకో ఇద్దరు తెల్లదొరల పిల్లలు. ఆ స్థలంలో ఇప్పుడు విజిటర్ల కార్లు నిలుపుతున్నారు. జారుడుబండ ఉంది. దాని మీద వాచ్‌మన్ చొక్కాలు ఆరేసుకుంటాడు.

పోనీ మున్సిపల్ పార్కుకి తీసుకెళ్దామా అంటే దాన్ని పొద్దునా సాయంత్రమే తెరుస్తారు. లోపల ‘గడ్డి మీద నడవరాదు’ అని బోర్డు, దారి పొడవునా షుగరు తగ్గించుకునే పెద్దలు. బంతి తన్నితే పడేది వాళ్ళ మధ్యే.

వేసవిలో పెద్దలు ఏంచేసేవారో చరిత్రలో కాస్త చూద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీ గవర్నర్లు ఎండలు ముదరగానే దస్త్రాలూ గుమస్తాలతో సహా ఊటీ ఎక్కేసేవారు. దొరగారూ, ఈ వేసవిలో కొత్తగా ఏం స్కిల్ నేర్చుకున్నారు అని ఏ కలెక్టరూ అడిగిన దాఖలా లేదు. మన సుప్రీంకోర్టుకూ ఏళ్ళ తరబడి వేసవి సెలవులుండేవి. పెండింగు కేసుల మాటేమిటని జనం గొణగ్గా గొణగ్గా 2024లో నిబంధనలు సవరించి, వాటిని ‘పాక్షిక పనిదినాలు’గా మార్చారు. పాపం న్యాయమూర్తులకి అంతకాలం పట్టింది. మన మూడో తరగతి పిల్లలు ఏ సవరణా లేకుండానే పూర్తి పనిదినాలకు ఎప్పుడో మారిపోయారు. విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో రాసుంది. దానికి మన దేశం 1992లోనే ఒప్పుకుంది. ఆ రోజుల్లో అబాకస్ ఫ్రాంచైజీ వాళ్ళని సంప్రదించి ఉంటే అంత తొందరపడేవాళ్ళం కాదు.

ఇదంతా చిన్నపిల్లల గొడవ. పదో తరగతి పరీక్ష రాసి ఇంటికొచ్చినవాడి సంగతి వేరు. వాడు పెన్ను మూత పెట్టేలోపే బ్రిడ్జ్ కోర్సు పిలుస్తుంది. ఇంటర్ బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది, సెలవుల్లో క్లాసులు పెడితే చర్యలు తప్పవని. కాలేజీలు ఏటా ఆ ప్రకటనని గౌరవిస్తాయి. క్లాసులు పెట్టవు. ఓరియంటేషన్ పెడతాయి, డౌట్ క్లియరెన్సు పెడతాయి, మోటివేషన్ పెడతాయి. ముందు గేటుకి తాళం వేసి పక్క సందులోంచి లోపలికి పంపిస్తారు. యూనిఫారం వద్దంటారు, గట్టిగా మాట్లాడొద్దంటారు. చదువుకోవడానికి దొంగతనంగా వెళ్ళే పిల్లలున్న రాష్ట్రాలు ప్రపంచంలో ఎన్నుంటాయి చెప్పండి! తనిఖీ అధికారి వస్తే ఏం చెప్పాలో కూడా నేర్పుతారట. పబ్లిక్ స్పీకింగ్ క్లాసులో చేర్పించిన తల్లిదండ్రుల ముందుచూపు ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇలా వెటకారంగా రాస్తుంటే మా తరం వాళ్ళకి హుషారొస్తుంది. ‘మా రోజుల్లో…’ అని గొంతు సవరించుకుంటారు. బిళ్ళంగోడు, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, తాటిముంజెలు, ఎండు సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకుని కాలవలో ఈత. వినడానికి బాగుంటుంది. ఆ కథల్లో వడదెబ్బ తగిలినవాడు ఉండడు, బిళ్ళ తగిలి కన్ను పోయినవాడు ఉండడు. కాలవలోంచి తిరిగి రానివాళ్ళు ఎలాగూ కథలు చెప్పడానికి లేరు. ఇప్పటికీ ఏ మే నెల జిల్లా పేజీ తిరగేసినా చెరువు గుంటలో దిగిన పిల్లల వార్త కనిపిస్తుంది. అందుకని క్యాంపుల్లో ఈత నేర్పేవాడికి ఎంత ఫీజైనా ఇవ్వమంటాను. ఇంకో సంగతి. ఆ మా రోజుల్లో మధ్యాహ్నమంతా పిల్లల మంద మీద ఒక కన్ను వేసి ఉంచింది అమ్మమ్మలూ పిన్నులూ. ఆవకాయకి ముక్కలు తుడుస్తూ, వడియాలకి కాపలా కాస్తూ, జీతం లేకుండా. ఇప్పుడు అమ్మమ్మ కూడా ఉద్యోగంలోంచి రిటైరు కాలేదు, అమ్మకి సెలవు లేదు, నాన్నకి లాగిన్ ఉంది. పిల్లాణ్ణి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా భద్రంగా కూర్చోబెట్టే చోటు కావాలి. నిజానికి క్యాంపులు అమ్మేది అదే. రోబోటిక్స్ అనేది ఆ కాపలాకి వేసిన ఇస్త్రీ చొక్కా.

అలాంటప్పుడు తక్కువలో దొరికేవి లేవా? ఉన్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఏటా నామమాత్రపు రుసుముతో వేసవి క్రీడా శిబిరాలు పెడుతుంది. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది. ఆంధ్రాలో ప్రభుత్వ గ్రంథాలయాలు పిల్లలకి వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతాయి, కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు. వీటి గురించి మా రెండో అంతస్తు ఆవిడతో చెప్పాను. ఆవిడ మర్యాదగా విని, ‘అంత తక్కువకి ఏం నేర్పుతారండీ’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకం చదువుకోవడాన్ని నేర్పడం అని ఒప్పించాలంటే దానికో లెవెల్ వన్, లెవెల్ టూ ఉండాలి.

అసలు క్యాంపుల ఆదర్శానికి దగ్గరగా ఉన్నది నగరంలో లేదు. ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం, ములుగు, ఆదిలాబాద్ అడవుల అంచుకి వెళ్ళండి. తెల్లవారకముందే నిద్ర లేపుతారు, అంటే క్రమశిక్షణ. అమ్మానాన్నలతో కొన్ని మైళ్ళు అడవిలో నడక, అంటే ట్రెక్కింగ్. తునికాకు కోసి, ఇంటికొచ్చి 50 ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టాలి. 1000 కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. పెద్దవాళ్ళ పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్లకి పూసల చట్రం లేకుండానే యాభైల ఎక్కం వచ్చేస్తుంది. చేతికీ కంటికీ సమన్వయం గురించి ప్రత్యేక సెషన్ అక్కర్లేదు. పైగా ఫీజు వాళ్ళే ఎదురిస్తారు, కట్టకి ఇంతని. ఒక్కటే లోపం, సెలవుల్లో బడి మధ్యాహ్న భోజనం ఉండదు. కరువు ప్రాంతాల్లో వేసవిలోనూ పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ ఆకలికి కరువు మండలం, కరువు లేని మండలం అని తెలియదు. ఈ క్యాంపుకి కరపత్రం ఎవరూ వెయ్యలేదు. జూన్ 12న ఈ పిల్ల కూడా బడికెళితే ‘వేసవి సెలవులు ఎలా గడిపితివి’ అన్న వ్యాసం రాయమంటారు. రెండో అంతస్తు కుర్రాడి వ్యాసాన్ని వాళ్ళ నాన్న ఇప్పటికే రాసి పెట్టాడు. థర్మోకోల్ అగ్నిపర్వతం ప్రాజెక్టు కూడా స్టేషనరీ షాపులో ఆర్డరిచ్చేశారు, ఎర్రరంగు లావా అదనం.

ఈ మధ్య కొత్త చిక్కొకటి వచ్చిపడింది. పిల్లలకి అప్పుడప్పుడు ఏమీ తోచకుండా ఉండటం మంచిదనీ, ఆ తోచనితనంలోంచే సొంత ఆటలు పుడతాయనీ ఎక్కడో ఎవరో నిపుణులు అన్నారు. ఆ వీడియో మా గ్రూపులో తిరిగింది. తల్లిదండ్రులందరికీ గుండెల్లో రాయి పడింది, ఇంత ముఖ్యమైనది మన పిల్లలకి మిస్సయిందేనని. ఆదివారం అందరూ కలిసి క్యాంపు నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళారు. వెనకాల నేనూ వెళ్ళాను.

ఆయన నవ్వి కుర్చీలు చూపించాడు. ‘కంగారు పడకండి సార్. వచ్చే సోమవారం నుంచి అదీ మొదలుపెడుతున్నాం. సాయంత్రం నాలుగు నుంచి ఐదు. గదిలో ఏమీ ఉండదు. పిల్లలు ఏమీ చెయ్యరు. ఏమీ చెయ్యకుండా ఎలా ఉండాలో మా ట్రైనర్ స్టెప్ బై స్టెప్ నేర్పిస్తారు. ఏసీ గది అయితే రేటు వేరే, అన్నదమ్ములిద్దర్నీ చేర్పిస్తే పది శాతం తగ్గింపు.’

రెండో అంతస్తు ఆవిడ డైరీ తీసింది. ‘నాలుగింటికి వాడికి చెస్ ఉందండీ. ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చా? చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా?’