పాయింట్ టూటూ బోర్ బావ

ప్రతి చుట్టరికంలో ఒక కొనబోయే మనిషి ఉంటాడు. కొన్నవాడితో మనకు పేచీ లేదు. నాలుగు రోజులు చూపించి మూలన పడేస్తాడు. కొననివాడి జోలి అసలే అక్కర్లేదు. ఈ కొనబోయేవాడున్నాడే, ఇంకా కొనని వస్తువును ఏళ్లకేళ్లు మన నెత్తి మీద మోయిస్తాడు. కొందరు ప్లాటు కొనబోతుంటారు, కొందరు ట్రాక్టరు కొనబోతుంటారు. మా అక్క మొగుడు రివాల్వర్ కొనబోతున్నాడు.

బావ పుట్టింది మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో. ఉద్యోగం భూపాలపల్లి సింగరేణిలో. ఇల్లు కట్టుకున్నది జనగామలో. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ ఒక్కరోజే జిల్లాలైనప్పుడు మేమంతా కలెక్టరేటు ఎక్కడొస్తుందో, భూముల ధరలు ఎంత పెరుగుతాయో మాట్లాడుకున్నాం. బావకు ఒకటే రంది. "బామ్మర్దీ, ఇగ నా ఆయుధం దరఖాస్తు ఏ జిల్లాల పెట్టాలెరా?" మానుకోటకూ భూపాలపల్లికీ ఎస్పీలు. జనగామేమో వరంగల్ పోలీసు కమిషనరేటు కింద. వీళ్లలో మనసు మెత్తనివారెవరో ఆరా తీస్తుండగానే అధికారులు బదిలీ అవుతుంటారు, ఆరా మళ్లీ మొదటికొస్తుంది.

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు కొండంత మట్టి లేచినా బావ టిఫిన్ డబ్బా మూత తీయడం ఆపడు. అదే టీవీలో షూటింగు పోటీ వస్తే, ఆ 'టప్'మన్న చిన్న చప్పుడుకు ముద్ద నోటి దగ్గరే ఆగిపోతుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం గెలిచింది. అంతసేపూ బావ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. "25 మీటర్ల దూరం. నిదానంగ కొట్టేకాడ పది పాయింట్ల గుండ్రం 5 సెంటీమీటర్లే. క్వాలిఫైయింగుల 60 గుండ్లు. మొదటి 30 నిదానంగ, తర్వాత 30 దబదబ. అన్నీ పాయింట్ టూటూలే!" అని పాపకు తానే నేర్పినట్టు చెప్పుకొచ్చాడు. అక్క మాత్రం "ముందు కూర కలుపుకో" అంది.

ఇంత పిచ్చి ఉన్నవాడు పెద్ద తుపాకీ అడిగితే ఏదో ఒకటి అనవచ్చు. బావకు చవకది కావాలి. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ వాళ్లు ఆడవాళ్ల కోసమని అర కిలో బరువున్న 'నిర్భీక్' తెచ్చారు. పాయింట్ 32 బోరు, ధర లక్షా ఇరవై రెండు వేల పైన. ఆ ధర చదివి బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి 'నిడర్' వస్తుందన్న వార్త కనపడింది. పాయింట్ 22, పావు కిలో బరువు, ముప్పై అయిదు వేల చిల్లర. ఆ పేపరు ముక్క ఇప్పటికీ బీరువాలో, అక్క పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

పాయింట్ టూటూ తూటా పేలే రిమ్‌ఫైర్ పద్ధతి అంటే ఏమిటో మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. ఏ పెళ్లి బంతిలో కూర్చున్నా బావ సోడా సీసా మూత ఒకటి పట్టుకుంటాడు. "పెద్ద తూటకు నిప్పు పుట్టించే మందు అడుగున నడిమిట్ల ఉంటది. దీనికేమో గీ అంచు లోపట. పిన్ను పోయి అంచు మీద కొడ్తది. రేకు పల్చన, పనితనం తక్కువ, గందుకే చవక. కాలినంక మళ్ల నింపుకోరాదు." ఎదుటివాడు లేవబోతే చేయిపట్టి కూర్చోబెట్టి చరిత్రలోకి దిగుతాడు. "1857ల మనోళ్లు తూట కొరకమని తిరగబడ్డరు సూడు, గదే సాల్ల అమెరికాల స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఏడు గుండ్ల పాయింట్ టూటూ రివాల్వర్ తీసింది. కొరికే పనే లేకుండ!" అప్పటికి పెరుగన్నం కూడా అయిపోయి, ఆ వరసలో విస్తరి ముందు మిగిలేది నేనొక్కణ్నే.

చట్టంలోనూ బావ తక్కువ తినలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షను ఆయనకు హనుమాన్ చాలీసా కన్నా బాగా వచ్చు. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన కోసం పాయింట్ 22 రైఫిల్ అడిగితే లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. "రైఫిల్ అని ఉన్నది బావా, రివాల్వర్ అని లేదు కదా" అని నేను ఒకసారి నోరు జారాను. రైఫిల్ గొట్టాన్ని కురచ చేస్తే ఏమవుతుందో ఆ రాత్రి రెండో ఝాము దాకా నాకు బోధించాడు. దరఖాస్తులో 'కారణం' అనే చోట బండి ఆగుతుంది. ప్రాణభయం అని రాద్దామంటే శత్రువు లేడు. పంట రక్షణ అందామంటే ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చాడు. "మానుకోటలో పుట్టినోనికి రివాల్వర్ ఎందుకురా తమ్మీ, రాళ్లు లేవా?" అంటుంది అక్క. 2010 మేలో, తెలంగాణ ఉద్యమంలో, మానుకోట రైల్వేస్టేషన్ దగ్గర పట్టాల మీది రాళ్లు ఎంత పేరు తెచ్చుకున్నాయో ఆమె కళ్లారా చూసింది మరి.

ఇంతలో డాలస్‌లో ఉన్న మేనల్లుడికి గ్రీన్‌కార్డు వచ్చింది. వాడు రెండొందల డాలర్లు కూడా పెట్టకుండా హెరిటేజ్ రఫ్ రైడర్ అనే పాయింట్ 22 రివాల్వర్ కొని వీడియో కాల్‌లో చూపించాడు. ఆరు గుండ్లు, గుండుగుండుకూ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి, కౌబాయ్ సినిమా మాదిరి. బావ ముఖం చూడాలి అప్పుడు! "వీని ఫోను కన్న తక్కువకొచ్చిందిరా!" అని ఒక నిట్టూర్పు. వాడు సరదాకు ఖాళీ తుపాకీని టిక్కుమనిపించాడో లేదో, జనగామ నుంచి కేక: "ఏయ్! రిమ్‌ఫైర్‌ను ఉత్తగ కొట్టకురా, పిన్ను పోయి ఛాంబర్ అంచుకు తగుల్తది!" మేనల్లుడు బిత్తరపోయాడు. తుపాకీ ఎన్నడూ పట్టని మనిషి, పట్టినవాడి తప్పు పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం నుంచి దిద్దాడు. ఆ పూట మాత్రం నాకు బావ మీద నిజంగానే గౌరవం కలిగింది.

ఆ గౌరవం శివరాత్రి దాకా నిలిచింది. కురవి వీరభద్రస్వామి జాతరలో బెలూన్లు కొట్టే దుకాణం ముందు బావ ఆగాడు. ఇంటి దగ్గర లీటరు నీళ్ల సీసాను చాచిన చేత్తో పట్టుకుని గోడ మీది చుక్కను గురి చూసే సాధన ఎన్నాళ్లుగానో నడుస్తోంది. కాళ్లు ఎడం చేశాడు. సగం ఊపిరి వదిలి ఆపాడు. "మీటను గుంజొద్దు, ఒత్తాలె" అని దుకాణం పిల్లగాడికి కూడా నేర్పాడు. ఎర్ర బెలూన్ చూసి కొడితే దాని పక్కనున్న పచ్చది పగిలింది. "నేను చూసిందే పచ్చది" అన్నాడు. పిల్లగాడు మర్యాదస్తుడు. "తుపాకి కొంచెం ఎడమకు గుంజుతది సారు, మీ తప్పు కాదు" అన్నాడు. అంతలో అమ్మమ్మ చేయి పట్టుకుని వచ్చిన ఒక పాప ఛర్రా ఛర్రాకు ఒక బెలూన్ పగలగొట్టి మురుకులు నములుకుంటూ పోయింది. బావ ఆ పాప వెళ్లిన వైపే చూస్తూ, "కాళ్ల ఎడం సరిగ్గ లేదు" అన్నాడు.

విసుగనిపిస్తుంది, నిజమే. కానీ మా వైపు తుపాకీ అంటే ఎన్నడూ నవ్వులాట కాదు. రైతాంగ పోరాటంలో దొడ్డి కొమురయ్య 1946 జులై 4న దొర మనుషుల తూటాకు ఒరిగిన కడవెండి మా ఇంటికి ఎంతో దూరం లేదు. ఆ తర్వాత భూపాలపల్లి అడవుల్లో తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా, రాత్రిపూట తలుపు తట్టిన చప్పుడుకు ఊళ్లు వణికాయి. తుపాకీ మాట వస్తే మా నాయనమ్మ గొంతు తగ్గించేది. అదే నేల పిట్టలదొర అనే పగటివేషగాణ్నీ కన్నది. ఖాకీ నిక్కరు, టోపీ, భుజాన కట్టె తుపాకీ. రైలు పట్టాలు తానే వేయించానని, నిజాముకు అప్పిచ్చానని కోతలు. దొర చేతిలోని భయాన్ని కట్టెముక్క చేసి ఇంటింటికీ నవ్వు పంచాడు. మా బావ ఆ వంశంవాడేనని నా నమ్మకం. ఈయన దగ్గరైతే ఆ కట్టె తుపాకీ కూడా లేదు, కోతలొక్కటే ఉన్నాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు.

ఎన్నికలప్పుడు చూడాలి ఆయన దర్జా. లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలని ప్రకటన రాగానే, "కొననిది మంచిదాయె, లేకుంటే ఇయ్యాల్ల లైన్ల నిలబడేది" అని అరుగు మీద అందరికీ వినపడేలా అంటాడు. 2023 అసెంబ్లీకీ అన్నాడు, 2024 లోక్‌సభకూ అన్నాడు. మా ఇళ్లలో మాట సాగక అందరూ ఫోన్లలో మునిగిపోయినప్పుడు "బావా, నిడర్ ధర పెరిగిందా?" అని రాజేసేది నేనే అనుకోండి. అది వేరే సంగతి.

మొన్న ఫోన్ చేశాడు. దరఖాస్తు మళ్లీ తిరగరాస్తున్నాడట. ఇస్తే పోలీసులు విచారణకు వస్తారు, నడవడి గురించి నలుగుర్నీ అడుగుతారు. "నీ పేరు చెప్తున్న బామ్మర్దీ, జర మంచిగ చెప్పు." ఉన్నదున్నట్టు చెప్తాను బావా. అయ్యా, ఈయన చేతికి రివాల్వర్ ఇవ్వండి. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, గురి చూసిన వస్తువుకైతే అసలే లేదు. పక్కన నిలబడేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. ఇన్నేళ్లూ ఆ పక్కన నిలబడ్డది నేనే.