నేను చెప్పింది నిజమే: ఒక ఆక్సిజన్ సెన్సార్ ఆత్మకథ

నేను ఆక్సిజన్ సెన్సార్‌ని. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఒక పికప్ ట్రక్కు కింద ఉంటాను. 5.3 లీటర్ల వీ8 ఇంజన్. ఎడమవైపు నాలుగు సిలిండర్ల పొగ కలిసి దిగే గొట్టంలోకి తల దూర్చుకుని, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి కాస్త పైన ఉండేది నా కాపురం. మరలున్న నడుము, దాని కింద చిల్లులున్న చిన్న లోహపు టోపీ, ఆ టోపీ లోపల జిర్కోనియా పింగాణీ, దాని మీద ప్లాటినం పూత. వెనక నాలుగు వైర్లు. రెండు నన్ను వేడెక్కించే హీటర్‌వి, రెండు నా మాటను కంప్యూటర్‌కి మోసుకెళ్ళేవి.

మా వంశం పెద్ద పాతది కాదు. 1976లో బాష్ కంపెనీ మా పూర్వీకుల్ని తయారుచేస్తే, అమెరికాలో అమ్మే వోల్వో కార్లలో మొదటిసారి బిగించారు. కన్వర్టర్ మూడు రకాల విషవాయువుల్నీ ఒకేసారి శుభ్రం చేయాలంటే, ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి చొప్పున ఇంజన్‌కి అందాలి. ఆ లెక్క తప్పుతోందో లేదో పొగను చూసి చెప్పడం నా ఉద్యోగం. పొగలో ఆక్సిజన్ మిగిలితే నా వోల్టేజీ 0.1కి జారుతుంది, దాన్ని ‘లీన్’ అంటారు. ఆక్సిజన్ లేకపోతే 0.9కి ఎక్కుతుంది, అది ‘రిచ్’. మూడు వందల డిగ్రీలు దాటితేగానీ నాకు నోరు పెగలదు. ఇంజన్ బాగున్న రోజున సెకనుకి ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాను. ఆ ఊగడమే నా ఆరోగ్యం.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. నాకు పెట్రోల్ కనబడదు. ఆక్సిజన్ ఒక్కటే కనబడుతుంది. అది సిలిండర్‌లోంచి వచ్చిందా, దారిలో ఎక్కడో చొరబడిందా అన్నది నాకు తెలిసే దారి లేదు. తర్వాత జరిగినదంతా ఇందులోంచి పుట్టిందే.

మా యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఊరు గుంటూరు. ఇంజన్‌తో పాటు వచ్చిన పోత ఇనుప మానిఫోల్డ్‌లు తీయించి స్టీల్ హెడర్లు వేయించాలని ఆయనకి ఎన్నాళ్ళుగానో కోరిక. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం విడిగా సాగి కింద కలుస్తుంది కాబట్టి పొగ తేలిగ్గా బయటపడుతుంది, శబ్దమూ గంభీరంగా ఉంటుంది. ఆయన జాగ్రత్తపరుడు. కన్వర్టర్ జోలికి పోకుండా, పాత పైపుకే బిగిసే పొట్టి హెడర్లు ఎంచుకున్నాడు. కన్వర్టర్ తీసేయడం అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక షాపులో పని చేయించుకుని వచ్చాడు. మొదటి రోజు గరాజ్‌లో ఇంజన్ ఆన్ చేసి ఆ ధ్వని వింటూ చాలాసేపు నిలబడ్డాడు.

కొద్ది రోజులకే డాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కోడ్ పీ0171: ఎడమ బ్యాంకు లీన్. అంటే ఆ వైపు పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఆ ఫిర్యాదు నాది.

నాకు కనబడింది అదే మరి. ఐడిల్‌లో ఉన్నప్పుడల్లా పొగతో పాటు తాజా గాలి వచ్చి తగులుతోంది. నేను 0.1 దగ్గర అంటుకుపోయాను. కంప్యూటర్ నా మాట నమ్మి పెట్రోల్ పెంచింది. అయినా గాలి ఆగలేదు, మళ్ళీ పెంచింది. ఇలా పెంచుకుంటూ పోయిన లెక్కను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది 20 శాతం దాటాక లైటు వెలిగించింది. ఈలోగా ఆ నాలుగు సిలిండర్లూ అక్కర్లేని పెట్రోల్ తాగి నల్లటి మసి కక్కుతున్నాయి. కాగితం మీద లీన్, లోపల రిచ్. హెడర్లు మార్చాక వచ్చే చిక్కుల్లో మనిషిని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. కోడ్‌ని అక్షరాలా నమ్మి ఇంజెక్టర్లు కడిగించేవాళ్ళు, పెట్రోల్ పంపు మార్పించేవాళ్ళు, వందల డాలర్లు పోసేవాళ్ళు ఎందరో.

“ఏమండీ, బండి స్టార్ట్ చేస్తే గరాజ్ అంతా పెట్రోల్ వాసన కొడుతోంది” అంది ఆ ఇల్లాలు. మైలేజీ కూడా పడిపోయింది. ఎమిషన్ టెస్ట్ గడువు దగ్గర పడుతోంది. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఆ పరీక్ష తప్పదు, లైటు వెలుగుతుంటే పాస్ చేయరు. కోడ్ చెరిపేసి తిన్నగా వెళ్దామన్నా కుదరదు. కంప్యూటర్ తన స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని వాళ్ళ మెషిన్ పట్టేస్తుంది. అందుకని యజమాని కొత్త ఆక్సిజన్ సెన్సార్‌కి ఆర్డర్ పెట్టాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ, ఇక్కడ ఉన్నమాట చెప్పిన నాకే ఉద్వాసన.

ఆ శనివారం ఆయన బావమరిది వచ్చాడు. ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడు. విజయవాడ పటమటలో, ఆటోనగర్ చప్పుళ్ళ మధ్య పెరిగినవాడు. అక్క చేతి పప్పు, గోంగూర పచ్చడి తిని, చేయి కడుక్కుని గరాజ్‌లోకి వచ్చాడు.

“బావా, కుడి బ్యాంకు ట్రిమ్ ఎంతుంది?”

“రెండో మూడో. అది బాగానే ఉందిరా.”

“అయితే పెట్రోల్ పంపూ కాదు, గాలి కొలిచే మాఫ్ సెన్సారూ కాదు. అవి పాడైతే రెండు వైపులా తేడా రావాలి కదా. ఇప్పుడు ఆర్‌పీఎమ్ రెండున్నర వేలకి పెంచి పట్టుకో.”

పెంచాడు. ఫోన్‌లోని స్కానర్ యాప్‌లో ఎడమవైపు ట్రిమ్ తగ్గుతూ వచ్చింది. నాకూ ఊపిరి ఆడింది, మళ్ళీ ఊగడం మొదలెట్టాను. యాక్సిలరేటర్ వదలగానే మళ్ళీ అదే గాలి.

“కొత్త సెన్సార్ బిగించే ముందు ఈ రెండింటినీ అటూ ఇటూ మార్చి చూద్దాం బావా. ఖర్చులేని పని.”

ఇంజన్ కాస్త వెచ్చగా ఉండగానే, వైరు పట్టడానికి పక్కన చీలిక ఉన్న 22 ఎమ్ఎమ్ సాకెట్‌తో నన్ను విప్పారు. మరలకి మాత్రమే, పట్టేయకుండా ఉండేందుకు యాంటీ సీజ్ రాసి, టోపీకి అంటకుండా చూసుకుని, కుడివైపు బిగించారు. అటువైపు నాకు కనబడింది శుభ్రమైన పొగ. ఎక్కడా పరాయి గాలి లేదు. హాయిగా ఊగాను. నా చోటికి వెళ్ళిన కుడివైపు సెన్సార్ మాత్రం 0.1 దగ్గర కూలబడింది. తప్పు నాతో పాటు రాలేదు, ఎడమవైపే ఉండిపోయింది. నా బతుకులో నాకు న్యాయం జరిగిన పూట అదే.

మర్నాడు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా కుర్రాడు బానెట్ ఎత్తి స్టార్ట్ చేయమన్నాడు. ఎడమవైపు వెనక మూల నుంచి టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు. నాలుగైదు నిమిషాలకి లోహం వేడెక్కి వ్యాకోచించాక చప్పుడు సన్నగిల్లింది. అందుకే వేడి బండి తీసుకెళ్ళి చూపించినప్పుడు షాపువాళ్ళకి ఏమీ వినబడలేదు. ఇంజన్ ఆపి చల్లారనిచ్చాక, వాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు తిప్పి, గొట్టాన్ని సైలెన్సర్ చివర టేపుతో చుట్టారు. సీసాలో సబ్బునీళ్ళు పోసి హెడర్ అంచుల వెంట చిమ్మారు. ఒకటి, మూడు, అయిదు సిలిండర్ల దగ్గర ఏమీ లేదు. ఏడో దాని దగ్గర, కంటికి నేరుగా కనబడని మూలలో, చిన్న అద్దం పెట్టి టార్చి వేస్తే తెల్లటి బుడగలు ఉబ్బి పగులుతున్నాయి. ఆ పక్కనే ఇనుము మీద నల్లటి మసి చార. బోల్టు తల లేదు. విరిగిన మొండెం లోపలే ఉండిపోయింది. ఆ ఒక్క బోల్టు పట్టు లేక ఫ్లాంజి వెంట్రుకవాసి పైకి లేచింది.

బయటికి పొగ పోయే సందులోంచి లోపలికి గాలి ఎలా వస్తుందని కుర్రాణ్ణి బావ అడిగాడు. ఆ ప్రశ్న మంచిది. పొగ ఏకధారగా రాదు, సిలిండర్ వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో తోపుగా వస్తుంది. ప్రతి తోపు వెనకా క్షణకాలం పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందు గాలిని పీల్చుకుంటుంది. ఐడిల్‌లో పొగ తక్కువ కాబట్టి ఆ కాస్త గాలే చాలా ఎక్కువగా కనబడుతుంది. వేగం పెరిగితే పొగ వరదలో అది లెక్కలోకి రాదు. ట్రిమ్ తగ్గింది అందుకే.

విరిగిన బోల్టు మొండేనికి వెల్డర్ చేత నట్టు అతికించి తిప్పి తీశారు. పల్చటి అట్ట గాస్కెట్ బదులు పొరలున్న స్టీల్ గాస్కెట్ వేశారు. బోల్టులన్నీ నడిమి నుంచి చివరలకి, రెండు దఫాలుగా టార్క్ రెంచ్‌తో బిగించి, కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్ళీ సరిచూశారు. కిందికి దూరినప్పుడు మరొకటి బయటపడింది. నా పాత చోటి వైరుకి ఉండాల్సిన క్లిప్పు తిరిగి పెట్టలేదు, వైరు హెడర్ గొట్టానికి వేలెడు దూరంలో వేలాడుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే పైతొడుగు కరిగి హీటర్ ఫ్యూజు కొట్టేసేది. వేడికి ఆగే తొడుగు వేసి, క్లిప్పు పెట్టి, దూరంగా కట్టారు.

పొడవాటి హెడర్లు వేసేవాళ్ళకి ఇంకో గండం ఉంది. వైర్లు చాలక పొడిగింపులు పెడతారు, ఆ హడావిడిలో ఎడమ కుడి కనెక్టర్లు తారుమారవుతాయి. అప్పుడు ఒక బ్యాంకు తప్పును కంప్యూటర్ రెండో బ్యాంకులో దిద్దుతుంది. ఒకవైపు అంతులేని రిచ్, మరోవైపు అంతులేని లీన్. ఒకటో సిలిండర్ ఉన్న వైపే బ్యాంక్ 1. మా ఇంజన్‌లో అది డ్రైవర్ వైపు, ఫోర్డ్ వీ8లలో ప్యాసింజర్ వైపు. ఈ చిన్న తేడా తెలియక రోజుల తరబడి తల పట్టుకున్నవాళ్ళున్నారు.

ఇప్పుడు ఎడమ ట్రిమ్ రెండు, కుడి ట్రిమ్ మూడు. కొద్ది రోజులు తిప్పాక ఎమిషన్ టెస్ట్ పాసయింది. కొత్త సెన్సార్ విప్పని పెట్టెలోనే వెనక్కి వెళ్ళిపోయింది. నేను కుడివైపే ఉండిపోయాను.

హెడర్లు వేయించాక మీ బండిలో ఈ లైటు వెలిగితే, మమ్మల్ని విప్పే ముందు రెండు బ్యాంకుల ట్రిమ్ పక్కపక్కన పెట్టి చూడండి. చల్లటి ఇంజన్ పక్కన నిలబడి వినండి. సబ్బునీళ్ళు చిమ్మండి, వైర్లు చేత్తో తడిమి చూడండి. అంతా అయ్యాక కూడా తప్పు మాలోనే తేలితే నిస్సంకోచంగా మార్చేయండి. లక్ష మైళ్ళు దాటాక మేమూ మందగిస్తాం.