నేటి విశేషం గారు

ఆయనకు ఉత్త రోజంటూ ఉండదు. మనకు సోమవారమైతే ఆఫీసు, శనివారమైతే వెంకన్న గుడి, నెలాఖరైతే పాలవాడి లెక్క. ఆయనకు మాత్రం తెల్లారేసరికి ఎవరో ఒకరు పుట్టి ఉండాలి, లేదా పోయి ఉండాలి. రెండూ కుదరకపోతే కనీసం ఎక్కడో ఒక ఒప్పందం మీద సంతకాలైనా పడి ఉండాలి.

పేపరు మొదటి పేజీ జోలికి పోరు. లోపల రాశిఫలాల పక్కన వేసే ‘చరిత్రలో ఈ రోజు’ చదివి, తన పాత డైరీతో సరిచూసుకుని, చొక్కా తొడుక్కుని లిఫ్టు దగ్గర కాపు వేస్తారు. ఐదో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు ఒక జయంతి, ఒక వర్ధంతి అయిపోతాయి. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిందా, మీరు మొగలాయీల దాకా వెళ్ళి రావలసిందే.

ఏప్రిల్ 16 ఆయనకు పండగ. “ఇవాళేమిటో చెప్పండి చూద్దాం” అంటారు. “నీళ్ళ టాంకరు వచ్చే రోజండీ” అంటాం. జాలిగా చూసి అందుకుంటారు. 1848లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు పుట్టారు. సరిగ్గా ఆయనకు అయిదేళ్ళు నిండిన రోజున, 1853లో, బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకు మన దేశపు తొలి ప్రయాణికుల రైలు 14 పెట్టెలతో, 21 తోపుల సలామీతో కదిలింది. 1889లో అదే తేదీన చార్లీ చాప్లిన్! “చూశారా?” అంటారు. ఏం చూడాలో మనకు పాలుపోదు. వితంతు వివాహాలకూ, రైలు పెట్టెలకూ, చాప్లిన్ మీసానికీ పొత్తేమిటని అడిగితే నొచ్చుకుంటారు. ఆయన లెక్కలో ఒకే తేదీన పుట్టినవాళ్ళంతా ఒకే ఇంటిపేరు వాళ్ళు. పంతులుగారు ఆ పెళ్ళిళ్ళు ఎందుకు చేయించారు, ఊరు ఆయన్ని ఏమేం అంది అన్నవి ఆయన శాఖ కావు. ఆయనది తేదీల శాఖ.

అందరికీ తెలిసిన రోజులంటే చిన్నచూపు. అక్టోబర్ 2న గాంధీగారి ఊసెత్తరు, లాల్‌బహదూర్ శాస్త్రిగారితో మొదలెడతారు. ఆగస్టు 15న జెండా కింద లడ్డూ అందుకుంటూ, “అరవిందులవారు పుట్టిందీ ఇవాళే, 1872” అని పక్కవాళ్ళ చెవిలో వేస్తారు. ఆయన అసలు ప్రేమ ఫిబ్రవరి 29 మీద. మొరార్జీ దేశాయ్ 1896లో ఆ రోజున పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు కనక, తొలి పుట్టినరోజు కోసం ఆ పిల్లవాడు 1904 దాకా ఆగాల్సి వచ్చింది. తీరా అది వచ్చిన రోజునే మదురైలో రుక్మిణీదేవి అరండేల్ పుట్టారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. పైకి అనలేదు. అంటే గ్రెగరీ పోపు దాకా లాక్కుపోతారు.

శుభానికైనా అశుభానికైనా ఆయన్ని ముందు వరసలో నిలబెట్టకూడదు. ఎదురింటావిడ కోడలు ఆగస్టు 28న ప్రసవించింది. “ప్చ్, ఒక్క రోజు ఓపిక పడితే గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం కలిసొచ్చేవి కదమ్మా” అన్నారు. “ఆ నొప్పులేవో మీరు పడుంటే ఆపేవాళ్ళమండీ” అంది ఆవిడ. మరో ఏడు నవంబర్ 30న కింది ఫ్లాటు పెద్దాయన పోయారు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, “మీ నాన్నగారు పుణ్యాత్ములు బాబూ, గురజాడవారు పోయిందీ ఇవాళే” అన్నారు. ఏ బ్లాకు గురజాడవారనుకున్నాడో పాపం, “అయ్యో, వాళ్ళ పిల్లలకి కబురెళ్ళిందా అండీ?” అన్నాడా కుర్రాడు.

ఆయన దెబ్బతిన్నది ఒక్కసారే. సెప్టెంబర్ 15 అంటే రెండు చేతులా పని. 1861లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టింది, 1931లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది ఆ రోజునే అని ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చారు. అలాంటిది, ఆ సినిమా విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని రెంటాల జయదేవగారు ఆధారాలతో తేల్చేశారు. కొన్నాళ్ళు లిఫ్టు మానేసి మెట్లమీద దిగారు, ఎవరి కంటా పడకుండా. తర్వాత తేరుకుని, “పోన్లెండి, నా డైరీలో ఫిబ్రవరి 6 ఖాళీగా ఏడుస్తోంది” అన్నారు.

సర్టిఫికెట్టు ప్రకారం ఆయన పుట్టింది జూలై 1న. బళ్ళో వేసేనాడు హెడ్మాస్టరుగారు రాసేసిన తేదీ. వాళ్ళ ఊళ్ళో ఆ ఈడు వాళ్ళు సగం మంది ఆ రోజే పుట్టారు. డాక్టర్ బి.సి. రాయ్ పుట్టిందీ, పోయిందీ కూడా జూలై 1నే కాబట్టి ఆ పూట ఆయన స్కూటరు తీయరు. మొన్న కేకు పట్టుకుని ఇంటికి వెళ్ళాం.

“అసలు తేదీ ఎప్పుడు మాస్టారూ?” అన్నాడు అసోసియేషన్ సెక్రటరీ.

“మా అమ్మ చెప్పేది. 1953, గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు. కృష్ణాష్టమి వెళ్ళిన మూడోనాడు.”

“మరి పాత పంచాంగం చూస్తే తేలిపోతుందిగా?”

“చూడకుండా ఉంటానా?” అన్నారు కేకు కోస్తూ. “ఆ తేదీన చెప్పుకోదగ్గవాళ్ళు ఒక్కళ్ళూ పుట్టలేదండీ. హెడ్మాస్టరుగారిదే నయం.”